పై కాగితం మీద సంతకం

అమీర్‌పేట,
10 జూన్ 2024.

జీవమణి గారికి,

మీరు నన్నెరగరు. మీ కోడ్‌ను మాత్రం నేను బాగా ఎరుగుదును. నా పేరు యశస్విని. ఇంజనీరింగ్ అయి రెండేళ్ళయింది. ఇక్కడ ఒక లేడీస్ హాస్టల్లో ఉండి టెస్టింగ్ కోర్సు చేస్తున్నాను. ఉద్యోగం లేదు.

మీరు రాసిన 'కావలి'లో ఒక లోపం దొరికింది. లోపం దొరికితే ఎవరికి చెప్పాలా అని మీ పేజీ తెరిస్తే నాలుగు నియమాలు కనిపించాయి. ఫోను చేయరాదు. మెయిల్ పంపరాదు, ఎవరైనా చదవగలరు కాబట్టి. ఇంటికి రారాదు. రిజిస్టర్డ్ పోస్టులో, చేతిరాతతో, పోస్ట్‌మ్యాన్‌కు చదివి వినిపించినా అర్థమయ్యేటట్టు రాయాలి. మేడమ్, ఇక్కడ మెట్రో ఎక్కితే వెంటనే వచ్చేది మీ పంజాగుట్టే. నడిచినా ఇరవై నిమిషాలు. ఈ ఉత్తరానికి మటుకు నాలుగు రోజులట. పోస్టాఫీసు కౌంటర్లో ఆయన అడ్రసు చూసి, "పక్కనే గదమ్మా, పొయ్యి ఇచ్చిరారాదు?" అన్నాడు. "రావద్దన్నరు" అన్నాను. నా వైపు జాలిగా చూసి ముద్ర కొట్టాడు.

ఇక విషయం. మీకు తెలిసిందే అయినా పోస్ట్‌మ్యాన్ కోసం మొదటినుంచి చెబుతాను. 'కావలి' అంటే ఎవరైనా ఊరికే తీసుకుని తమ యాప్‌లో పెట్టుకోగల కాపలాదారు. యాప్‌లోకి వచ్చేవాళ్ళు ఒక చీటీ చూపించాలి. 'ఈమె ఫలానా' అని దానిమీద ఉంటుంది, కింద సంతకం ఉంటుంది. సిరా సంతకం కాదు, లెక్కలతో చేసిన సంతకం. దొంగది పెట్టడం ఎవరి తరమూ కాదు. అది అసలుదో కాదో చూడడంలో మీ కావలి గట్టిదే. తప్పు అక్కడ లేదు.

నేను రెండు చీటీలు కలిపి పంపితే? పైది నాదే, అసలు సంతకంతో: 'ఈమె యశస్విని, హాస్టల్లో ఉండే అమ్మాయి.' కిందది నేనే కల్పించింది, సంతకం లేదు: 'ఈమె స్వరాజ్యం, హాస్టల్ ఓనరు.' మీ కావలి పై కాగితం మీద సంతకం చూసి సలాం కొడుతుంది, తరవాత కింది కాగితం చదివి నన్ను తీసుకెళ్ళి ఓనరమ్మ కుర్చీలో కూర్చోబెడుతుంది.

నమూనా వేరే కాగితం మీద రాసి జతచేశాను. మీరు దీన్ని దిద్ది లోకానికి ప్రకటించేటప్పుడు, కనుక్కున్నది నేనని ఒక్క ముక్క వేయండి. ఇక్కడ కన్సల్టెన్సీ నడిపే కేదార్ నా రెజ్యూమేలో మూడేళ్ళ దొంగ అనుభవం రాసిస్తానని వెంటపడుతున్నాడు. మా గదిలో నలుగురికీ అలాగే రాశాడు. నాకు ఒక్కటంటే ఒక్క నిజమైన లైను కావాలి. అది మీ చేతిలో ఉంది.

ఇట్లు,
యశస్విని

*

పంజాగుట్ట,
18 జూన్ 2024.

యశస్విని గారికి,

మీ ఉత్తరం అందింది. దస్తూరి బాగుంది. ఊహాశక్తి ఇంకా బాగుంది.

ఒక ప్రభుత్వ శాఖ కంప్యూటర్ విభాగంలో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. 'కావలి' రాసి పదకొండేళ్ళయింది. ఈ పదకొండేళ్ళలో లోపం దొరికిందని నలభై మూడు మంది రాశారు. నలభై ఒక్కరు పొరబడ్డారు. మిగిలిన ఇద్దరూ ఉద్యోగం ఇప్పించమన్నారు.

సంతకాల విషయంలో నేను ఎలాంటి మనిషినో మీకు తెలియదు. నిరుడు మా వీధి మొదట్లో ఇస్త్రీ బండి హనుమాండ్లు నా గద్వాల చీర ఎదురింటి వసుమతి గారికి ఇచ్చేశాడు. ఆవిడ దాన్ని పెళ్ళికి కట్టుకెళ్ళి ఫొటోలు కూడా దిగింది. ఆనాటినుంచి నా సంతకం ఉన్న చీటీ లేనిదే ఆ బండి మీదనుంచి నా జేబురుమాలు కూడా కదలదు. నా కొడుకు జెరెమియా స్వయంగా వెళ్ళినా ఇవ్వడు. పోల్చుకోవడానికి నా సంతకం ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి బండికి అంటించాను. ఇటువంటి నేను, సంతకం లేని కాగితాన్ని నమ్మే కాపలాదారును తయారుచేస్తానా? ఏంటండీ ఇది?

నమూనాలు కాగితం మీద ఎన్నైనా రాయవచ్చు. బయట జరిగేది చూపించండి, అప్పుడు నమ్ముతాను.

ఇట్లు,
జీవమణి

*

అమీర్‌పేట,
24 జూన్ 2024.

జీవమణి మేడమ్‌కు,

ఈ ఉత్తరంతో పాటు ఒక పార్సిలు కూడా వస్తుంది. అందులో మీ చీరలు ఆరు ఉంటాయి. ఒక్కటి కూడా నలగలేదు.

మీరు బయట జరిగేది చూపించమన్నారు. మీ ఉత్తరం కింద మీ సంతకం ఉంది కదా. దాని వెనక నేనొక కాగితం పెట్టి పిన్ను కొట్టాను. దానిమీద 'ఈ అమ్మాయికి బట్టలు ఇవ్వు' అని రాశాను. సంతకం పెట్టలేదు. శనివారం సాయంత్రం మీ వీధి మొదటిదాకా వచ్చాను. మీ ఇంటికి రాలేదు, నియమం ఉంది కాబట్టి.

"చీటీ?" అన్నాడు హనుమాండ్లు. ఇచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, బండికి అంటించిన సంతకం దగ్గరికి మీ ఉత్తరాన్ని తీసుకుపోయి గీత గీత పోల్చాడు. బ్యాంకులో కూడా అంత శ్రద్ధగా చూడరు.

"మేడమ్‌దే. చివర్ల తోక సుత గట్లనే ఉన్నది" అని పేజీ తిప్పాడు. నేను రాసింది పైకి చదివాడు. "మంచిది, పట్టుకో."

నాకే పాపమనిపించింది. "అన్నా, సంతకం గీ కాగితం మీదుంది. బట్టలియ్యమన్నది గా కాగితం మీదుంది. చూసినవా?"

"రెండు కలిపే ఉన్నయి గదమ్మా, పిన్ను గొట్టి!" అన్నాడు.

మేడమ్, మీ కావలి కూడా అచ్చంగా ఇదే మాట అంటుంది. ఇంకొకటి. పై కాగితం మీద హనుమాండ్లు పేరే ఉంది, వసుమతి గారి పెళ్ళి కథ కూడా ఉంది. అతను ఒక్క ముక్క చదవలేదు. సంతకం కోసం ఒక కాగితం, చదవడం కోసం ఇంకొకటి.

ఆకుపచ్చ చీర అంచు మడత సరిగా రాలేదు. వెనక్కి ఇచ్చి మళ్ళీ చేయించాను.

ఇట్లు,
యశస్విని

*

పంజాగుట్ట,
1 జూలై 2024.

యశస్వినికి,

'గారు' ఎటుపోయిందో మీకు తెలిసే ఉంటుంది.

మీరు చీరలు పట్టుకుపోయిన మర్నాడు, ఆదివారం, మా చర్చిలో స్త్రీల సమాజం వార్షికోత్సవం. ముందు వరసలో నిలబడి పాడాల్సింది నేను. దానికని ఇస్త్రీకి ఇచ్చిన మీగడ రంగు పట్టుచీర అప్పటికి మీ దగ్గరుంది. చివరికి కోడలు కొనిపెట్టిన చిలకపచ్చ చీర, అద్దాలు కుట్టినది, కట్టుకుని వెళ్ళాను. దీపాలు వేసినప్పుడల్లా పాస్టరు గారు కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన అనుకున్నాను, కాదట.

హనుమాండ్లును నిలదీస్తే "మీరే గద మేడమ్ రాసిచ్చిండ్రు!" అని నా మీదికే వచ్చాడు.

రెండు గంటలు కోపంగా ఉన్నాను. మూడో గంటలో కంప్యూటర్ తెరిచాను. మీరు చెప్పింది నిజం. కావలి సంతకం ఒక చోట చూస్తోంది, విషయం ఇంకో చోట చదువుతోంది. ఇన్ని వేల యాప్‌ల వాకిట్లో దాన్ని నిలబెట్టి ఉంచాను.

ఆ ముక్క నేను రాసింది కాదు. నరేశ్ అని ఒకతను ఎప్పుడో పంపిన మార్పు. మంచివాడని నమ్మి కలిపాను.

దిద్దడానికి ఒక నెల కావాలి. ప్రకటనలో మీ పేరు వేస్తాను. లోపం ఎలా దొరికిందో కూడా అందులో ఉండాలి, మిగిలినవాళ్ళు తమ యాప్‌లు అలాగే పరీక్షించుకోవాలి కాబట్టి. ఎలా కనుక్కున్నారో రాసి పంపండి. ఉన్నది ఉన్నట్టు.

జీవమణి

*

అమీర్‌పేట,
6 జూలై 2024.

జీవమణి మేడమ్‌కు,

చీర సంగతికి క్షమించండి. నాకు వార్షికోత్సవం గురించి తెలియదు.

ఎలా కనుక్కున్నానంటే, ఒక ప్రశాంతమైన మధ్యాహ్నం నగర గ్రంథాలయంలో కూర్చుని, జ్ఞానం మీది ఆసక్తి కొద్దీ మీ కోడ్‌ను మొదటి వరస నుంచి అధ్యయనం చేస్తుండగా నాకు ఈ ఆలోచన స్ఫురించింది. అంతే.

ఆగస్టు ఐదున మీ పంజాగుట్టలోనే ఒక కంపెనీలో ఇంటర్వ్యూ ఉంది. అప్పటికి ప్రకటన వస్తే నా జన్మ ధన్యమవుతుంది. కేదార్ మూడేళ్ళ కాగితాలు అచ్చువేసి కూడా పెట్టాడు. "ఒక్క సంతకం పెట్టు చెల్లె, నీ లైఫ్ సెట్" అంటున్నాడు. నేను రేపు, ఎల్లుండి అని తప్పించుకుంటున్నాను.

ఇట్లు,
యశస్విని

*

పంజాగుట్ట,
11 జూలై 2024.

యశస్వినికి,

అబద్ధం. ప్రశాంతమైన మధ్యాహ్నం అని చదవగానే తెలిసింది. అమీర్‌పేటలో అటువంటిది లేదు.

కోడ్ చదివి కనుక్కున్నవాళ్ళు నమూనాలో రాము, సోము అని రాస్తారు. మీరు స్వరాజ్యం అని రాశారు. ఊహించి రాసే పేరు కాదది. ఇంకా ఉంది. మీ నమూనా కాగితంలో 'చేయవలసిన పని' అన్న చోట 'గురువారం రాత్రి: సొరకాయ తీసివేయి' అని ఉంది. మొదట అదేదో టెస్టింగ్ భాష అనుకున్నాను.

స్వరాజ్యం ఎవరు? సొరకాయ మిమ్మల్ని ఏం చేసింది?

నిజం రాయకపోతే లోపం దిద్దుతాను, పేరు వేయను.

జీవమణి

*

అమీర్‌పేట,
15 జూలై 2024.

ఆంటీ,

ఇంత చెప్పబోతూ మేడమ్ అనడం కుదరడం లేదు.

స్వరాజ్యం ఆంటీ మా హాస్టల్ ఓనరు. ఈ హాస్టల్లో ప్రతి గురువారం సొరకాయ కూర. పద్నాలుగు నెలలుగా ఉంటున్నాను, అరవై గురువారాలు లెక్కవేసుకోండి. వారం మెనూ స్వరాజ్యం ఆంటీ యాప్‌లో పెడుతుంది, వంట చేసే మంగవ్వ తన ఫోన్లో చూసి వండుతుంది. ఆ యాప్ వాకిట్లో మీ కావలి ఉంది. మే నెలలో ఒక గురువారం క్లాసులో కూర్చుని ఆ వాకిలి ఎలా తెరుచుకుంటుందా అని గెలకడం మొదలుపెట్టాను. తెరుచుకుంది. నేను స్వరాజ్యం అయ్యాను. సొరకాయ తీసేసి ఎగ్ కర్రీ పెట్టాను.

ఆ పూట హాస్టలంతా పండగే. వరసగా మూడు గురువారాలు అలాగే చేశాను. తరవాత భయమేసి మీకు రాశాను. మీకు రాసిన కారణంలో సగం మంచిదే ఆంటీ, సగమైనా.

నిన్న నీళ్ళు పట్టుకుందామని కిందికి పోతే వంటింట్లో గొడవ.

"సొరకాయ పెడితే గుడ్లెందుకు వండినవ్? మూడు గురువారాలు గుడ్లే, పాత లెక్క ఇప్పుడు చూసిన!"

"ఫోన్ల గుడ్లని వచ్చింది, గుడ్లు వండిన. రేపు రాళ్ళని వస్తే రాళ్ళు వండుత."

"నేను పెట్టలే మంగవ్వా!"

"మరి మీ పేరెందుకుంది? మీ దయ్యం పెట్టిందా?"

స్వరాజ్యం ఆంటీ ఈ నెలాఖరుకు పని మానెయ్యమంది. మంగవ్వ గంటె కడిగి బోర్లించింది. నేను చెంబు నింపుకుని మెట్లెక్కి వచ్చేశాను.

చెబితే నా గది పోతుంది. ఇంటర్వ్యూ ముందు. మీ ప్రకటనలో ఇది వస్తే యాప్ వాళ్ళు ఆమెకు చెప్పకుండా ఉండరు. అందుకే గ్రంథాలయం అన్నాను. ఆ గ్రంథాలయం ఎక్కడుందో కూడా నాకు తెలియదు. నా పేరు వేయకపోయినా సరే ఆంటీ.

యశస్విని

*

పంజాగుట్ట,
20 జూలై 2024.

అమ్మాయ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇక నా వంతు.

నరేశ్ అనే అతను ఉన్నాడు. అతను పంపింది ఒక అక్షరదోషం దిద్దుబాటు, అంతే. మంచి కుర్రాడు, పాపం. ఆ తప్పు ముక్క నేనే రాశాను. తారీఖుతో సహా నా పేరు మీద ఉంది. ఆరోజు మా హాల్లో పాటల అభ్యాసం జరుగుతోంది. జెరెమియా అత్తగారు శ్రుతి తప్పుతోంది, ఒక చేత్తో తాళం వేస్తూ ఇంకో చేత్తో కోడ్ రాశాను. ఒక్క కాగితం ఉన్న కవరుతో పరీక్షించి ముగించాను. కవరులో రెండు పెట్టే మనిషి ఉంటుందని తోచలేదు. ఏళ్ళ తరబడి దాన్ని నేను తప్ప ఇంకొకరు చదవలేదు. చదవనివ్వలేదు అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది. నాలుగు నియమాలు పెట్టింది అందుకే.

ప్రకటన ఇలా రాశాను:

'లోపం చేసినది జీవమణి, తొందరలో. కనుక్కున్నది యశస్విని, తను ఉండే హాస్టల్ యాప్‌లో ఓనరుగా ప్రవేశించి, గురువారం సొరకాయ తప్పించుకోవడానికి.'

రెండు వాక్యాలూ ఉంటాయి, లేదా రెండూ ఉండవు. నా వాక్యం నాకు నచ్చలేదు. నీది నీకు నచ్చదు. సరిపోయింది.

ఆగస్టు ఒకటిన వేస్తాను. మంగవ్వకు నెలాఖరు గడువు ఉంది. ఆవిడ ఏ తప్పూ చేయలేదు, కాగితం మీద ఉన్నది వండింది. ఈలోగా వెళ్ళి చెప్పు. స్వరాజ్యం గారికి రిజిస్టర్డ్ పోస్టు నియమం లేదు కదా, నోటితో చెప్పు.

జీవమణి

*

అమీర్‌పేట,
27 జూలై 2024.

ఆంటీ,

చెప్పాను.

స్వరాజ్యం ఆంటీ కౌంటర్ దగ్గర పేపరు చదువుతోంది. ఎదురుగా నిలబడి, మూడు గురువారాలు మెనూ మార్చింది నేనే అన్నాను. ఎలాగో చెప్పాను. ఒక స్టేపుల్ కొట్టిన కాగితాల జత కూడా చూపించాను, అర్థం కావాలని.

పేపరు మడిచి పక్కన పెట్టింది.

"అంటే నువ్వు నేనైనవా?"

"అవునాంటీ."

"మూడుసార్లు?"

"అవునాంటీ."

"నేనై, నీళ్ళ నల్లా రిపేరు చేయించినవా? బాత్‌రూం మీద మూడో అంతస్తోళ్ళ కొట్లాట తెంపినవా? నా పేరు పెట్టుకొని గుడ్లే తిన్నవా?"

ఇంతదాకా ఎవరూ అడగని ప్రశ్న ఇది. ఓనరమ్మను అయ్యానే గానీ ఆ కుర్చీలో కూర్చుంటే ఏమేం చూడాలో నేను ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

"మంగవ్వ ఉంటది. నువ్వు నెలాఖరుకు ఖాళీ చెయ్యి" అంది. అరిచి ఉంటే బాగుండేది.

మంగవ్వ దగ్గరికి పోయాను. ఆమె కూడా అరవలేదు. పన్నెండు సొరకాయలు, ఒక కత్తిపీట నా ముందు పెట్టింది. అన్నీ తరిగేదాకా పక్కనే కూర్చుంది. ఆఖరుకు "సన్నగ తరుగుతున్నవ్, చేసుకుంటే మంచిగనే చేసుకుంటవ్" అంది. క్షమించిందో లేదో మాత్రం చెప్పలేదు.

కేదార్‌కు కూడా చెప్పాను, కాగితాలు చింపెయ్యమని. "మూడేండ్లు వద్దని గీ సొరకాయ లైను పెట్టుకుంటవా? నీకు మెదడుందా?" అన్నాడు.

రెండు వాక్యాలూ వేసేయండి.

యశస్విని

*

ఎస్.ఆర్. నగర్,
9 ఆగస్టు 2024.

జీవమణి ఆంటీకి,

కొత్త హాస్టలుకు మారాను. ఇక్కడ సొరకాయ మంగళవారం.

ఇంటర్వ్యూకు పోయాను. ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఆయన పేరు విజయేందర్, మేనేజరు. నా రెజ్యూమే ఒక్క పేజీ. అందులో అనుభవం కింద మీ ప్రకటన రెండు వాక్యాలూ ఉన్నాయి. అది ఆయన అంతకుముందే చదివాడు. ఎందుకంటే వాళ్ళ వాకిట్లో కూడా కావలే ఉందట, మీ ప్రకటన చూసి శని ఆదివారాలు ఆఫీసులో కూర్చుని మార్చుకున్నారట.

"మా వీకెండ్ పాడుచేసింది నువ్వేనా?" అన్నాడు.

"సగం నేను సర్. ఇంకో సగం జీవమణి ఆంటీ" అన్నాను. మన్నించండి, నోరు జారింది.

ముగ్గురూ నవ్వారు. తరవాత రెండు గంటలు నవ్వకుండా ప్రశ్నలడిగారు. నిన్న మళ్ళీ రమ్మని ఫోను చేస్తే పోయాను. ఫెయిత్ అని ఒక అక్క, ఉద్యోగంలోకి తీసుకునే కాగితాలన్నీ చూసేది ఆమే, నా ముందు ఆరు పేజీల ఆఫర్ లెటర్ పెట్టింది.

"లాస్ట్ పేజీల సైన్ చెయ్యి చెల్లె. అందరు గక్కడనే చేస్తరు."

నేను మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. ఆమె గడియారం చూసింది. ఇంకోసారి చూసింది. టీ తాగి వచ్చింది. నాలుగో పేజీలో ఉంది ఆంటీ: 'మీకున్న మూడేళ్ళ అనుభవాన్ని దృష్టిలో ఉంచుకుని' అని.

"అక్కా, ఇది నాది కాదు."

"నీదే, పేరు చూడు."

"పేరు నాదే. మూడేండ్లు నావి కావు."

"అది అందరికి ఉంటది. అమీర్‌పేట నుంచి వచ్చినోళ్ళందరికి మూడేండ్లే. ఫార్మాటే గట్లున్నది."

"నాకు సున్నా అక్కా."

"సున్నా కొడితే సిస్టమ్ తీసుకోదు. కనీసం ఒకటన్న ఉండాలె. ఏం ఫికర్ చెయ్యకు, ఎవరు సుత చదవరు!"

నేను పెన్ను మూత పెట్టేశాను. లోపల ఏమనిపించిందో మీకు చెప్పాలి. ఉద్యోగం చేతిదాకా వచ్చింది. ఒక్క గీత గీస్తే అయిపోతుంది. మా పాత గదిలో నలుగురూ గీశారు, హాయిగా నిద్రపోతున్నారు. వద్దంటే ఈ ఆరు పేజీలూ వెనక్కి పోవచ్చు. అయినా నా చేయి లేవలేదు. ఒక్క నిజమైన లైను కోసమే కదా గది పోగొట్టుకున్నాను.

ఫెయిత్ అక్క విసుక్కుంటూ విజయేందర్‌ను పిలుచుకొచ్చింది. ఆయన నిలబడే ఆ పేజీ చదివాడు. అంతకుముందు ఆ పేజీ ఆయన కూడా చదివినట్టు లేదు.

"నిజం రాసిందని గద ఈమెను తీసుకున్నం" అన్నాడు. "కొట్టేసి రాయి, ఫెయిత్."

"సిస్టమ్ సర్..."

"సిస్టమ్‌ను ఈమెనే దిద్దుతది, సోమవారం నుంచి."

ఫెయిత్ అక్క 'మూడేళ్ళ' అన్నదాన్ని స్కేలు పెట్టి కొట్టేసి, పైన చేత్తో సున్నా రాసింది. గుండ్రంగా, కొంచెం కోపంగా. దాని పక్కన ఆమె సంతకం పెట్టింది, నేనూ పెట్టాను. తరవాత మొదటి పేజీకి తిప్పి, ఒకటొకటిగా ఆరు పేజీల మీదా సంతకం చేశాను.

"లాస్ట్‌ది ఒక్కటి సరిపోతుండె చెల్లె" అంది.

"తెలుసక్కా" అన్నాను.

ఇట్లు,
సున్నా ఏళ్ళ అనుభవం గల
యశస్విని